స్టెరాయిడ్ వాడాక గజ్జలో నొప్పి వస్తే ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. నాకు అర్థమైంది ముందు రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలుస్తుంది. మీ తమ్ముడికి 34 ఏళ్లు, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తా. పోయినేడాది ఒళ్లంతా వాచి, మూత్రంలో ప్రొటీన్ పోతోందని తేలింది. కిడ్నీ డాక్టరు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు 60 మిల్లీగ్రాముల చొప్పున రెండు నెలలు ఇచ్చి, ఆ తర్వాత మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఇప్పుడు 10 మిల్లీగ్రాముల మీద ఉన్నాడు. వాపు పోయింది. అయితే మూడు నెలలుగా కుడి గజ్జలో నొప్పి, మెట్లు దిగేటప్పుడు తొడ మీదుగా మోకాలి దాకా లాగుతోంది. ఎక్స్‌రే నార్మల్ అన్నారు. నడుములో నరం నొక్కుకుందని ట్రాక్షన్ పెట్టారు, తగ్గలేదు. స్టెరాయిడ్ వల్ల ఎముక చచ్చిపోతుందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి మీకు నిద్ర లేదు. మాత్ర ఆపేయాలా, కాల్షియం వేస్తే సరిపోతుందా, ఆపరేషన్ తప్పదా అని అడిగారు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో 26 ఏళ్లుగా ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. మీరు రాసిన లక్షణాలు చూస్తే నడుము కంటే ముందు తుంటినే అనుమానించాలి. ఈ వారంలోనే రెండు తుంటులకూ కలిపి ఎమ్మారై తీయించండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మిగతాదంతా ఆ స్కాన్ రాయించుకున్నాక చదివినా పర్లేదు.

మాత్ర ఎందుకు ఆపకూడదో చెబుతాను, ఎందుకంటే భయపడిన ఇంట్లో మొదట జరిగే పొరపాటు అదే. మన కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను రోజూ అవే తయారు చేస్తాయి. బయటి నుంచి నెలల తరబడి మాత్ర అందుతుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. మాత్ర ఒక్కసారి ఆపితే అవి వెంటనే లేవలేవు. వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, కొన్నిసార్లు ప్రాణం మీదకే వస్తుంది. పైగా మీ తమ్ముడి కిడ్నీ జబ్బు తిరగబెట్టొచ్చు. ఎముకకు హాని జరిగి ఉంటే మొదటి నెలల్లో వేసుకున్న పెద్ద డోసు వల్లే జరిగి ఉంటుంది. ఇప్పుడు 10 మిల్లీగ్రాములు ఆపినంత మాత్రాన చచ్చిన ఎముక బతకదు. గజ్జ నొప్పి సంగతి కిడ్నీ డాక్టరుకు చెప్పండి. ఇంకా త్వరగా తగ్గించొచ్చా, బదులు వేరే మందు ఉందా అన్నది ఆయన తేల్చాలి.

ఇక అసలు ఎముక ఎలా చస్తుందంటే, మన డెల్టాలో కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి రక్తం చాలావరకు ఎముక మెడను అంటిపెట్టుకుని పైకి పాకే కొన్ని సన్నటి నాళాల నుంచే వస్తుంది. అంటే అది శివారు పొలం. పైన ఎక్కడ నీళ్లు తగ్గినా ముందు ఎండేది శివారే. ఒంట్లో చాలాచోట్ల ఒక నాళం మూసుకుంటే పక్క నాళం ఆదుకుంటుంది. ఇక్కడ అలా ఆదుకునే పక్క కాలువ దాదాపు లేదు.

స్టెరాయిడ్ ఈ శివారును ఒక్క దారిలో కాదు, నాలుగైదు దారుల్లో దెబ్బతీస్తుంది. ఎముక లోపలి మజ్జలో కొత్త ఎముకగా మారాల్సిన మూల కణాలు కొవ్వు కణాలుగా మారడం మొదలవుతుంది. ఉన్న కొవ్వు కణాలు ఉబ్బుతాయి. కండ ఉబ్బితే చర్మం సాగుతుంది, ఎముక సాగదు కదా. గట్టి డబ్బాలో దూది కుక్కినట్టు లోపల ఒత్తిడి పెరిగి సన్నటి నాళాలు నలిగిపోతాయి. మరోపక్క రక్తంలో కొవ్వు పెరుగుతుంది, సన్నటి కొవ్వు బిందువులు వెళ్లి ఆ నాళాల్లో అడ్డం పడతాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. నాళాల లోపొర దెబ్బతింటుంది. ఇవన్నీ చాలవన్నట్టు ఎముకలోని కణాలు స్టెరాయిడ్ వల్ల నేరుగా కూడా చనిపోతాయి. వీటిలో ఏది ఎవరిలో ఎక్కువ పనిచేస్తుందో మనిషిని బట్టి ఉంటుంది. అందుకే ఒకే డోసు వాడిన ఇద్దరిలో ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. మద్యం అలవాటున్నా, లూపస్ లాంటి జబ్బున్నా, రక్తం గడ్డకట్టే లక్షణమున్నా ముప్పు పెరుగుతుంది. మీ తమ్ముడికి మద్యం అలవాటుందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ రోజే మానాలి, ఈ ఒక్కటీ పూర్తిగా మీ చేతిలో ఉంది.

దీన్నే ఎవాస్క్యులర్ నెక్రోసిస్, పొట్టిగా ఏవీఎన్ అంటాం. ఇది కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను 1948లో కీళ్లవాతం రోగికి మొదటిసారి ఇచ్చారు, 1950లో ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది, 1957 నాటికే ఇటలీ డాక్టర్లు ఈ ఎముక జబ్బు గురించి రాశారు. 2003లో సార్స్ వచ్చినప్పుడు పెద్ద డోసులు వాడిన వాళ్లలో చైనాలో, హాంకాంగ్‌లో ఇది బాగా కనిపించింది. 2021లో కొవిడ్ రెండో వేవ్ తర్వాత మనకూ వచ్చింది. ముంబై డాక్టర్లు అదే ఏడాది ముగ్గురు రోగుల గురించి ప్రచురించారు. ఆ ముగ్గురు వాడిన మొత్తం డోసు సగటున 758 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం, కొవిడ్ వచ్చిన 58 రోజులకే నొప్పి మొదలైంది. అంతకుముందు మేమంతా 2,000 మిల్లీగ్రాములు దాటాలి, ఆరు నెలల నుంచి ఏడాది పట్టాలి అనుకునేవాళ్లం. స్టెరాయిడ్‌ను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధనలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు, వెంటిలేటర్ మీద ఉన్న కొవిడ్ రోగుల్లో మరణాలను మూడో వంతు తగ్గించింది. మీ తమ్ముడి కిడ్నీని కాపాడింది కూడా ఈ మందే. అవసరమైనచోట దీనికి సాటి వచ్చే మందు తక్కువ. వాడిన మనిషికి గజ్జలో నొప్పి వస్తే ఏం చూడాలో అందరికీ తెలియాలి, అంతే నా తాపత్రయం.

మీ తమ్ముడి లెక్క మీరే వేసుకోవచ్చు. రోజుకు 60 అంటే 34 రోజులకే 2,040 మిల్లీగ్రాములు. 56 రోజులకు 3,360. ఆ తర్వాత తగ్గిస్తూ వేసుకున్నది అదనం. రోజుకు 20 దాటి కొన్ని వారాలు వాడినా మేం జాగ్రత్తగా చూస్తాం. చాలామంది మోసపోయేది మాత్ర సైజు చూసి. ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు, మిథైల్ ప్రెడ్నిసొలోన్ 4, డెక్సామెథసోన్ 0.75, బీటామెథసోన్ 0.6, ఈ నాలుగూ ఒకటే బలం. "అర మిల్లీగ్రామే కదండీ, చిన్న మాత్ర" అంటూ నెలల తరబడి వేసుకున్నవాళ్లను చూశాను. ఊళ్లో కీళ్లనొప్పులకని ఇచ్చే పేరులేని పొడులు, పొట్లం మాత్రలు కూడా అనుమానించండి. రెండు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా ఉబ్బిందంటే అందులో స్టెరాయిడ్ కలిసే అవకాశం ఎక్కువ. ఆస్తమాకు పీల్చే మందు, చర్మానికి రాసే క్రీము వాడేవాళ్లు ఇది చదివి బెంబేలెత్తొద్దు. మాట్లాడుతున్నది ముఖ్యంగా మింగే మాత్రలు, నరానికి ఎక్కించే ఇంజక్షన్ల గురించి.

ఎక్స్‌రే ఎందుకు నార్మల్ వచ్చిందన్నది మీరు అడగలేదు గానీ, మొత్తం విషయంలో కీలకం ఇదే. ఎక్స్‌రేలో కనిపించేది ఎముకలోని సున్నం. ఎముక కణాలు చచ్చిపోయినా సున్నం అలాగే ఉంటుంది. చెదలు పట్టిన గుమ్మం చూశారుగా, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి పోతుంది. ఎమ్మారై మజ్జనే చూపిస్తుంది కాబట్టి జబ్బు ఎక్స్‌రేకు అందకముందే, కొన్నిసార్లు నొప్పి మొదలవకముందే, అక్కడ గీత గీసినట్టు బయటపడుతుంది.

రక్తం ఆగిన రోజు ఎవరికీ తెలియదు, నొప్పి కూడా ఉండదు. చచ్చిన ఎముక వెంటనే కూలిపోదు, కొన్నాళ్లు బరువు మోస్తుంది. ఒళ్లు ఊరుకోదు, బాగుచేయడం మొదలుపెడుతుంది. పాత ఎముకను తొలిచేసే కణాలు వేగంగా పనిచేస్తాయి, కొత్తది కట్టే కణాలు నెమ్మది. ఆ మధ్యలో ఎముక గుల్లబారుతుంది. నడిచేటప్పుడు ఒంటి కాలి మీద నిలబడిన ప్రతి క్షణం తుంటి మీద మన బరువుకు రెండున్నర, మూడు రెట్లు పడుతుంది. 70 కిలోల మనిషికి అది 175 నుంచి 210 కిలోలు. ఆ బరువుకు ఒకరోజు మృదులాస్థి, అంటే బంతిని కప్పి ఉండే నున్నటి పొర, దాని కింది ఎముక విరిగి, బంతి పైభాగం సొట్టపోతుంది. అప్పటిదాకా గుండ్రంగా ఉన్నది గుండ్రంగా ఉండదు, గిన్నె కూడా అరగడం మొదలవుతుంది. సొట్టపడక ముందు దొరికితే సొంత కీలును కాపాడే ప్రయత్నం చేయొచ్చు. పడ్డాక ఆ ప్రయత్నాలకు బలం ఉండదు. చచ్చిన ఎముక భాగాన్ని మచ్చ అంటాను. ఆ మచ్చ పెద్దదై బరువు పడే చోట ఉంటే, ఏం చేయకుండా వదిలేసినవాళ్లలో చాలామందికి రెండు మూడేళ్లలోపే సొట్టపడుతుంది. కొందరికి నెలల్లోనే. మీ తమ్ముడికి మూడు నెలలు నడుము వైద్యంలో పోయాయి. అందుకే ఈ వారం అన్నాను.

ఇలా నెలలు పోగొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పద్నాలుగేళ్ల కిందట టైలరింగ్ చేసే కుర్రాడొకడు మోకాలు నొప్పని వచ్చాడు. మోకాలు చూశాను, మోకాలికి ఎక్స్‌రే తీశాను, బాగుంది. మాత్రలు రాసిచ్చాను, వ్యాయామం చెప్పాను. రెండోసారి వచ్చాడు, మళ్లీ అదే. నాలుగో నెలలో కుంటుతూ వచ్చి, "మిషను తొక్కలేకపోతున్నానండీ, పాదం పెడల్ మీద తిన్నగా ఆనట్లేదు" అన్నాడు. అప్పుడు బల్ల మీద పడుకోబెట్టి తుంటి తిప్పితే, తిరగాల్సినవైపు తిరగనే లేదు. తుంటికి ఎక్స్‌రే తీస్తే బంతి పైభాగం కుంగిపోయి ఉంది. ఏడాదిపాటు చర్మం మీద పొక్కులకు స్టెరాయిడ్ వాడానని అప్పుడు చెప్పాడు. ముందే చెప్పేవాడే, నేను అడగలేదు. తుంటికి, మోకాలికి కొంతమేర ఒకే నరం వెళ్తుంది, తుంటి జబ్బు మోకాల్లో నొప్పిగా తెలుస్తుంది. అది నేను చదువుకున్నదే, పిల్లలకు పాఠం చెప్పిందే. ఆ కుర్రాడికి 29 ఏళ్లకే కీలు మార్చాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మోకాలు నొప్పని వచ్చిన ఎవరినైనా తుంటి తిప్పి చూడకుండా పంపలేదు, స్టెరాయిడ్ వాడారా అని అడగకుండా చీటీ రాయలేదు.

ఇంట్లో మీరూ కొంత గమనించొచ్చు. తమ్ముణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి, మోకాలు రెండూ లంబంగా వచ్చేలా కాలు మడవండి. మోకాలిని కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పాదాన్ని మెల్లగా బయటివైపుకు జరపండి. ముందు బాగున్న ఎడమకాలు, తర్వాత కుడికాలు. కుడివైపు తక్కువ జరిగి, గజ్జలో చురుక్కుమంటే అనుమానం బలపడుతుంది. బలవంతం చేయొద్దు, నొప్పి అన్నచోట ఆపేయండి. రోజువారీ పనుల్లో కూడా తెలుస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం, గొంతుక్కూర్చోలేకపోవడం, బండి మీదకు కాలు అటు వేసేటప్పుడు గజ్జ పట్టేయడం, కాలి గోళ్లు తీసుకోవడానికి వంగలేకపోవడం. నడుము నరం నొప్పి అయితే ఎక్కువగా పిర్రలోంచి తొడ వెనకగా, మోకాలు దాటి పాదం దాకా దిగుతుంది, తిమ్మిరి ఉంటుంది. తుంటి నొప్పి గజ్జలో ముందువైపు మొదలై మోకాలి దగ్గర ఆగుతుంది. మీరు రాసింది రెండో రకం.

ఎమ్మారై రెండు తుంటులకూ తీయించమన్నది ఎందుకంటే, స్టెరాయిడ్ వల్ల వచ్చే ఏవీఎన్ సగానికి పైగా మందిలో రెండువైపులా ఉంటుంది. నొప్పి లేని ఎడమవైపే ఇంకా కాపాడగలిగే స్థితిలో ఉండొచ్చు. మామూలుగా కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) ఇంజక్షన్ అవసరం లేదు, కిడ్నీ సమస్య ఉంది కాబట్టి ఆ సంగతి స్కానింగ్ సెంటర్లో ముందే చెప్పండి. రిపోర్టులో మూడు విషయాలు చూడాలి. మచ్చ ఎంత ఉంది, బరువు పడే పైభాగంలో ఉందా పక్కకుందా, బంతి గుండ్రంగానే ఉందా సొట్టపడిందా. మచ్చ చిన్నదై లోపలివైపు ఉంటే కొందరికి ఎప్పటికీ సొట్టపడదు. వాళ్లను మేం ఆర్నెల్లకోసారి చూస్తూ వదిలేస్తాం.

సొట్టపడకపోతే మామూలుగా చేసేది కోర్ డీకంప్రెషన్. తొడ పక్కన చిన్న గాటు పెట్టి, ఎక్స్‌రే చూసుకుంటూ ఎముక మెడ గుండా మచ్చ దాకా రంధ్రం చేస్తాం. లోపలి ఒత్తిడి తగ్గుతుంది, కొత్త రక్తనాళాలు రావడానికి దారి పడుతుంది. కటి ఎముకలోంచి మజ్జ తీసి అందులో నింపడం కూడా ఉంది. మచ్చ చిన్నదైతే ఫలితం బాగుంటుంది, పెద్దదైతే నమ్మకంగా చెప్పలేం. తర్వాత ఆరు వారాలు చంకకర్రలతో, ఆ కాలి మీద బరువు పెట్టకుండా నడవాలి. చాలామంది ఈ ఆరు వారాల దగ్గరే చెడగొట్టుకుంటారు. యార్డులో సీజన్ అయినా సరే, 40 కిలోల టిక్కీ పక్కకు జరపడానికి కూడా చేయి వేయకూడదు. ఎముక గుల్లబారకుండా ఇచ్చే అలెండ్రొనేట్ లాంటి మందులు కొందరు రాస్తారు. పరిశోధనల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు, నేను వాటి మీదే భరోసా పెట్టను. మీ తమ్ముడికైతే కిడ్నీ పనితీరు చూడకుండా అసలు వేయకూడదు.

కాల్షియం గురించి అడిగారు. స్టెరాయిడ్ ఎముకలను రెండు రకాలుగా పాడు చేస్తుంది. ఒంట్లో ఎముకలన్నీ మెల్లగా పలచబడటం ఒకటి, దానికి కాల్షియం, విటమిన్ డి పనికొస్తాయి, మానొద్దు. తుంటిలో ఒకచోట రక్తం ఆగి ఎముక చావడం రెండోది, దాన్ని కాల్షియం ఆపలేదు. పుత్తూరు కట్టు కట్టిద్దామని బంధువులు అంటారేమో. అది విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి. ఇక్కడ విరగడం కాదు సమస్య, రక్తం అందకపోవడం.

నొప్పి బిళ్లల విషయంలో మీ తమ్ముడికి ఒక హెచ్చరిక. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివి మందుల కొట్లో అడగ్గానే ఇస్తారు. అవి కిడ్నీకి హాని. ఇప్పటికే వేసుకుంటుంటే ఈ రోజు నుంచి ఆపి, బదులు ఏం వాడాలో కిడ్నీ డాక్టర్ని ఫోన్లోనైనా అడగండి. స్కాన్ అయ్యేదాకా చేతికర్ర పట్టుకుని నడవమనండి, కర్ర ఎడమచేతిలో ఉండాలి. అందరూ నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. ఎదుటి చేతిలో పట్టుకుంటేనే తుంటి మీద భారం బాగా తగ్గుతుంది.

ఒకవేళ సొట్టపడి, నొప్పి భరించలేని స్థితి వస్తే కీలు మార్పిడి. 34 ఏళ్లకా అని మీరు కంగారుపడటం సహజం. ఆపరేషన్లో బయటికి తీసిన బంతి ఎలా ఉంటుందో ఇంటివాళ్లకు నేను చూపిస్తుంటాను. పైన మృదులాస్థి తెల్లగా, దాదాపు బాగానే ఉంటుంది. వేలితో నొక్కితే ఉడికిన గుడ్డు పెంకులా కదులుతుంది. కోస్తే లోపల చచ్చిన ముక్క పసుప్పచ్చగా, ఎండిన సున్నపు ముద్దలా ఉంటుంది, దాని చుట్టూ ఎర్రటి అంచు. ఇన్నాళ్లూ దీని మీదే నడిచాడా అని వాళ్లే అంటారు. మార్చిన కీలు ఎన్నాళ్లు వస్తుందంటే, 2019లో వచ్చిన పెద్ద పరిశీలనలో 25 ఏళ్లకు 58 శాతం కీళ్లు ఇంకా పనిచేస్తున్నాయని తేలింది. అవి పాతికేళ్ల నాటి కీళ్లు, ఇప్పుడు వాడే ప్లాస్టిక్, సిరామిక్ అప్పటికంటే మెరుగు. అయినా కుర్రవాళ్లు ఎక్కువ తిరుగుతారు, ఎక్కువకాలం బతుకుతారు. రెండోసారి మార్చాల్సి రావొచ్చని ముందే చెబుతాను. నొప్పి మాత్రం పోతుంది. మంచం పట్టినట్టున్న కుర్రాళ్లు తిరిగి ఉద్యోగాలకు వెళ్లడం చూశాను.

దీనికి పెద్ద ప్రైవేటు ఆస్పత్రికే పోవాలని లేదు. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ జీజీహెచ్‌లో ఎముకల విభాగాలున్నాయి, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు ఏది వర్తిస్తుందో చేరేముందే ఆస్పత్రిలో అడగండి. వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ తేదీల వారీగా పెట్టుకోండి. ఏ నెలలో ఏ స్టెరాయిడ్, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు అన్నది ఒక తెల్లకాగితం మీద రాసుకెళ్తే డాక్టరుకు పది నిమిషాల పని తప్పుతుంది. పాత ఎక్స్‌రే కూడా పారేయొద్దు, కొత్తదానితో పోల్చాలి.

రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండమ్మా. కుడివైపు ఏముందో ఎలాగూ చూస్తారు. ఎడమ తుంటి గురించి ఏం రాశారో కూడా చదివి, ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాయండి.